హైస్కూల్లో ఆరోగ్యం, జీవన నైపుణ్యాల క్లాసు ఎలా నడపాలి: కర్నూలు పడమటి మండలాల టీచర్ల కోసం

హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్ అని మీ పేరు రాసి పంపారు, ట్రైనింగ్ అయింది, మాడ్యూల్ పుస్తకం చేతికొచ్చింది, ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారా? అయితే ఇది మీ కోసమే. ఆదోని, కోసిగి, ఆలూరు, పెద్దకడబూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను, అనంతపురం, కడప వాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఈ సబ్జెక్టులో పాఠం సరిగ్గా చెబితే ఎవరో ఒక పిల్ల మీ దగ్గరికొచ్చి తన కష్టం చెబుతుంది. అది ఖాయం. ఆ రోజు మీరేం చేస్తారో ముందుగా తేల్చుకోకుండా పాఠం మొదలుపెట్టకండి. కింద రాసిన వరుస అంతా ఆ ఒక్క సంగతి కోసమే.

మొదటి పని: పీరియడ్ సంపాదించండి

2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన స్కూల్ హెల్త్ కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లు హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా ఉండాలి, వీలైతే ఒకరు ఆడ, ఒకరు మగ. వారానికి ఒక గంట క్లాసు. అంశాలు 11: ఆరోగ్యంగా ఎదగడం, మనసు ఆరోగ్యం, మనుషులతో సంబంధాలు, విలువలు, ఆడ మగ సమానత్వం, పోషణ పరిశుభ్రత, మత్తు పదార్థాలు, మంచి అలవాట్లు, పునరుత్పత్తి ఆరోగ్యం హెచ్‌ఐవీ, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ జాగ్రత్తలు. ఇదంతా కాగితం మీద బాగుంటుంది, టైమ్‌టేబుల్‌లో మాత్రం ఆ గంట కనపడదు. హెచ్‌ఎం దగ్గర కూర్చుని పెన్నుతో రాయించుకోండి. లెక్కల సార్ సిలబస్ కాలేదని అడిగితే ఇచ్చేసే పీరియడ్ అయితే రెండు నెలల్లో అది మాయమవుతుంది.

ఏ పీరియడ్ అడగాలంటే, ఇంటర్వెల్‌కో మధ్యాహ్న భోజనానికో ముందు వచ్చేది. క్లాసు అయిపోయాక అందరూ బయటికి పరిగెత్తుతుంటే మీతో మాట్లాడాలనుకున్న పిల్ల సంచి సర్దుకుంటున్నట్టు రెండు నిమిషాలు ఆగగలదు, ఎవరికీ అనుమానం రాదు. చివరి పీరియడ్ అయితే బస్సు, ఆటో, చెల్లెలు గేటు దగ్గర ఎదురుచూడటం, ఇవన్నీ ఆమెను లాక్కుపోతాయి.

సైన్స్ మేడమే చెప్పాలని ఎక్కడా లేదు. పిల్లలు ఇప్పటికే ఎవరి దగ్గరికి వెళ్లి కాలి దెబ్బ చూపిస్తారో, ఇంట్లో గొడవ ఎవరికి చెప్పుకుంటారో వాళ్లే సరైన మనుషులు. చాలా బడుల్లో అది పీఈటీ సారో, హిందీ మేడమో అయి ఉంటారు.

రెండో పని: మనుషుల్ని, నంబర్లను సిద్ధం చేసుకోండి

మొదటి క్లాసుకు ముందే ఒక రోజు సాయంత్రం గ్రామ సచివాలయానికి వెళ్లి ఏఎన్‌ఎంను, అంటే ఊరి నర్సమ్మను, మహిళా పోలీసును స్వయంగా కలవండి. ఊరి ఆశా కార్యకర్తను, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరును పరిచయం చేసుకోండి. ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలను చూసే శాఖలో, మీ ప్రాంతపు అధికారి సీడీపీఓ నంబరు తీసుకోండి. అవసరం పడ్డ రోజున కొత్త మనిషికి ఫోన్ చేసి మొదటి నుంచి చెప్పుకోవడం చాలా కష్టం, "నేను ఫలానా స్కూలు మేడంను, మొన్న కలిశాం కదా" అనగలిగితే పని సగం తేలికవుతుంది.

ఇక అందరికీ తెలియాల్సిన నంబర్లు: పిల్లల కోసం 1098, పోలీసు అత్యవసరానికి 112, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, ఆన్‌లైన్‌లో డబ్బు మోసానికి 1930, హెచ్‌ఐవీ సందేహాలకు 1097. స్టాఫ్ రూములో ఒక కాగితం, ఆడపిల్లల బాత్రూం తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించండి. బాత్రూం లోపల ఎందుకంటే, నోటీసు బోర్డు ముందు నిలబడి 1098 రాసుకునే ధైర్యం ఏ పిల్లకూ ఉండదు.

మూడో పని: ఇంటి పెద్దలకు ముందుగా చెప్పండి

పిల్లల నోటి నుంచి సగం సగం విని "బడిలో ఏవేవో నేర్పిస్తున్నారు" అని తండ్రులు గేటు దగ్గరికి రావడం కన్నా మీరే ముందు చెప్పడం మంచిది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, ఆ తర్వాత కూడా అలాంటివి జరుగుతున్నాయి, ఆ రోజు పది నిమిషాలు అడిగి తీసుకోండి. మాడ్యూల్ పుస్తకం చేతికిచ్చి తిప్పి చూడనివ్వండి. రక్తం ఎందుకు తగ్గుతుంది, నెలసరి అప్పుడు ఏం చేయాలి, బస్సులో ఎవరైనా చెయ్యి వేస్తే ఏం చేయాలి, ఫోన్లో మోసం ఎలా జరుగుతుంది, ఈ నాలుగూ మామూలు మాటల్లో చెప్పండి. నేను చూసినంతలో తల్లులు చాలా తొందరగా ఒప్పుకుంటారు, తమకు ఎవరూ చెప్పలేదన్న బాధ వాళ్లలో ఉంటుంది.

మన వైపు అమ్మానాన్న సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతే పిల్లలు జేజి (అవ్వ) దగ్గర ఉండిపోతారు. అలాంటి ఇళ్లలో మీటింగ్ చీటీ అందేది జేజికే, కాబట్టి ఆమెను కూడా పేరు పెట్టి పిలిపించండి. ఉర్దూ మాట్లాడే ఇళ్లకు ఉర్దూ టీచరును, కన్నడం ఎక్కువగా మాట్లాడే ఊళ్లలో ఆ భాష వచ్చిన ఆయమ్మనో, పెద్ద తరగతి పిల్ల తల్లినో తోడు తీసుకెళ్లండి.

నాలుగో పని: వలసను చూసి క్యాలెండర్ వేయండి

మాడ్యూల్లో ఉన్న వరుసను ఉన్నదున్నట్టు పాటిస్తే మన దగ్గర నష్టం జరుగుతుంది. దసరా, దీపావళి దాటగానే పత్తి తీతకు, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు కుటుంబాలు బయలుదేరతాయి. క్లాసు సగం ఖాళీ అవుతుంది. రక్షణ గురించిన పాఠం పుస్తకంలో చివర్లో ఉంటుంది, అది ఎవరికి ఎక్కువ అవసరమో ఆ పిల్లలు అప్పటికి ఏ మిరప తోటలోనో గుడారం వేసుకుని ఉంటారు.

అందుకని జూన్ నుంచి సెప్టెంబరు లోపలే వీటిని ముగించండి: శరీర మార్పులు, నెలసరి, చెడు స్పర్శ, ఎవరికి చెప్పాలి, పెళ్లి వయసు. అక్టోబరు నుంచి జనవరి వరకు తిండి, రక్తహీనత, మత్తు, ఫోను. ఫిబ్రవరి, మార్చిలో మనసు, పరీక్షల భయం. సుగ్గికి పోయే పిల్లలతో వెళ్లే ముందు ఒక్క విషయం గట్టిగా చెప్పండి, 1098 మన జిల్లా నంబరు అనుకుంటారు చాలామంది, అది దేశంలో ఎక్కడి నుంచైనా పనిచేస్తుంది, డబ్బులు పడవు. మీ ఊళ్లో వలస పోయినవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ తెరిస్తే వారానికి ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి ఇదే క్లాసు చెప్పండి. అమ్మానాన్న దగ్గర లేని పిల్లలు వాళ్లు.

ఐదో పని: మొదటి క్లాసులో పాఠం చెప్పకండి

మొదటి రోజు కట్టుబాట్లు, చీటీలు, అంతే.

కట్టుబాట్లు పిల్లల చేతే చెప్పించి బోర్డు మీద రాయండి, ఇవి మాత్రం తప్పకుండా ఉండాలి. జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే "పాస్" అనొచ్చు. ఎవరి కథా పేరుతో చెప్పకూడదు, "ఒకమ్మాయికి ఇలా అయింది" అనాలి. నవ్వు వస్తే నవ్వొచ్చు, ఒక మనిషి వైపు చూసి నవ్వకూడదు. ఆ తర్వాత మీ వంతు. "మీరు చెప్పింది స్టాఫ్ రూములో కబుర్లుగా చెప్పను. కానీ ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతున్నారని తెలిసినా, మీ ప్రాణానికి ముప్పు ఉందని తెలిసినా నా దగ్గరే దాచుకోలేను. ఎవరికి చెప్పబోతున్నానో ముందు మీకు చెప్పి ఆ తర్వాతే చెబుతాను." ఈ మాటలు దాదాపు ఇలాగే అనండి. "ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి తర్వాత చెబితే ఆ పిల్ల జీవితంలో ఇంకో పెద్ద మనిషిని నమ్మదు.

చీటీల పద్ధతి ఇలా. అందరికీ ఒకే సైజు కాగితం ముక్క, పేరు రాయొద్దు. ప్రశ్న ఉన్నవాళ్లు ప్రశ్న రాస్తారు, లేనివాళ్లు వాళ్లకొచ్చిన వేమన పద్యం ఒకటి రాస్తారు. అలా అన్ని పెన్నులూ కదులుతాయి, ఎవరు ప్రశ్న రాశారో పక్కవాడికి తెలియదు. ఈ పద్యం ఏర్పాటు లేకపోతే రాసేది ఇద్దరో ముగ్గురో, క్లాసంతా వాళ్ల వైపే చూస్తుంది. అట్టపెట్టెలో వేయించి ఇంటికి తీసుకెళ్లి చదవండి. చేతిరాత గుర్తుపట్టి ఫలానా పిల్లాడు అని మనసులో కూడా ముద్ర వేయకండి. ఒక్క మినహాయింపు, చీటీలో ఆపద ఉన్నట్టు కనపడితే క్లాసులో అందరినీ ఉద్దేశించి "ఒక చీటీ చదివాక నాకు చాలా ఆలోచన వచ్చింది, రాసినవాళ్లు ఎప్పుడైనా నా దగ్గరికి రావొచ్చు, ఈ వారమంతా భోజనం బెల్లు తర్వాత లైబ్రరీ గదిలో ఉంటాను" అని చెప్పి, నిజంగా అక్కడే ఉండండి.

వచ్చే ప్రశ్నలు ఎలా ఉంటాయంటే: మీసాలు ఎప్పుడొస్తాయి, గొంతు ఎందుకు మారింది, ముఖం మీద మొటిమలకు ఏం రాయాలి, కడుపునొప్పి వచ్చిన రోజు బడి మానొచ్చా, నిద్రలో బట్టలు తడిశాయి ఇది జబ్బా. ఈ చివరిది మగపిల్లల్ని ఎంత భయపెడుతుందో మనకు తెలియదు. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద "నరాల బలహీనత" అని అంటించిన కాగితాలు చూసి డబ్బులు దాచుకుని మందులు కొనే పిల్లలున్నారు. వీర్యం తయారవడం మొదలయ్యాక నిద్రలో బయటికి రావడం మామూలే, బలం తగ్గదు, మందు అక్కర్లేదు అని మగ టీచరు ఒకరు తడబడకుండా చెబితే ఆ భయం అక్కడితో తీరిపోతుంది. బూతుమాటతో రాసిన చీటీ వచ్చినా చించేయకండి, ఆ మాట తీసేసి దాని కింద ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పండి. తెలియనిదానికి "వచ్చే వారం కనుక్కుని చెబుతాను" అనండి, మరిచిపోకుండా చెప్పండి.

ఒక క్లాసు నమూనా: రక్తహీనత

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 60 మందికి రక్తహీనత తేలింది. మీ తొమ్మిదో తరగతిలో ఆడపిల్లల బెంచీల వైపు చూస్తూ ఈ సంఖ్య ఒకసారి తలుచుకోండి.

బోర్డు మీద ఒక ఊహా పిల్లను గీయండి, పేరు క్లాసే పెట్టాలి. ఆ పిల్లకు మెట్లెక్కితే ఆయాసం, ప్రేయర్‌లో తల తిరుగుతుంది, క్లాసులో నిద్ర, దొంగతనంగా బలపాలు, పచ్చి బియ్యం తింటుంది. ఎందుకు? పిల్లలు చెబుతారు. బలపాలు అనగానే కొందరు తల దించుకుంటారు, చూసీ చూడనట్టు ముందుకు పోండి. మట్టి, బలపాలు తినాలనిపించడం ఐరన్ తక్కువైనందుకు వచ్చే లక్షణం, చెడ్డ అలవాటని తిట్టాల్సింది ఏమీ లేదు అని అందరికీ వినపడేలా చెప్పండి.

"నిన్న మీ ఇంట్లో ఏం తిన్నారు" అని లేపి అడగకండి. రాత్రి అన్నం వండని ఇల్లు ఆ క్లాసులో తప్పకుండా ఉంటుంది. ఆ ఊహా పిల్లకే ఏం తినిపించాలో అడగండి. సంగటిలోకి మునగాకు పప్పు, గోంగూర, ఉలవలు, అలసందలు, చెనక్కాయలు బెల్లం, గుడ్డు. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే పడదు, కనీసం గంట ఆగాలి. ఇది చాలా ఇళ్లలో అమలు చేయగలిగిన మార్పు, పైసా ఖర్చు లేదు. బడి భోజనంలో వచ్చే గుడ్డు, చిక్కీ, రాగి జావ ఎందుకు పెడుతున్నారో కూడా ఇక్కడే చెప్పండి, గుడ్డు ఇంటికి తమ్ముడికి తీసుకెళ్లే అక్కలకు "నీకూ కావాలి" అని చెప్పండి.

ఇక బడిలో ఇచ్చే నీలం ఐరన్ మాత్ర. వారానికి ఒకటి, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఖాళీ కడుపుతో వేస్తే వికారం వస్తుంది, ఒక్క పిల్ల వాంతి చేసుకుంటే ఆ రోజు నుంచి బడి మొత్తం మాత్ర అంటే పారిపోతుంది. అందుకే భోజనం అయ్యాక, మీ కళ్ల ముందు, నీళ్లతో. మలం నల్లగా అవుతుందని ముందే చెప్పండి, చెప్పకపోతే పిల్లలు భయపడి ఇంట్లో చెబుతారు, ఇంట్లో మాన్పిస్తారు. "ఇది పిల్లలు పుట్టకుండా చేసే మాత్ర" అనే పుకారు కొన్ని ఊళ్లలో ఉంటుంది, దానికి మందు ఏఎన్‌ఎంను అడిగి మీరూ పిల్లల ముందే ఒకటి వేసుకోవడం. నులిపురుగుల మాత్ర, అంటే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తారు, కడుపులో పురుగులుంటే ఎంత తిన్నా రక్తం పట్టదు కాబట్టి ఆ రోజు రాని పిల్లలకు మళ్లీ వేయించండి. హిమోగ్లోబిన్ పరీక్షలో అమ్మాయికి 12 కన్నా తక్కువ వస్తే ఏఎన్‌ఎం చూస్తుంది, 8 కన్నా తక్కువ వస్తే వారం మాత్ర సరిపోదు, పీహెచ్‌సీకి తీసుకెళ్లాల్సిందే, తల్లితో మీరే మాట్లాడండి.

నెలసరి క్లాసు

శాస్త్రం చెప్పేటప్పుడు ఆడపిల్లలు మగపిల్లలు కలిసే కూర్చోవాలి. విడదీసి చెబితే మగపిల్లలకు అది ఎగతాళి చేసే రహస్యంగా మిగిలిపోతుంది. శరీరం ఎలా పనిచేస్తుందో ఇరవై నిమిషాలు అందరికీ చెప్పి, మిగతా సమయం మగ టీచరు మగపిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లాలి, మేడం ఆడపిల్లలతో ఉండాలి. ప్యాడ్ చేతిలో పట్టుకుని చూపించండి, విప్పండి, నీళ్లు పోయండి. 4 నుంచి 6 గంటలకొకసారి మార్చాలి. గుడ్డ వాడేవాళ్లు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి, సిగ్గుపడి మంచం కింద ఆరేస్తే అది సరిగ్గా ఆరదు, ఇన్ఫెక్షన్లు వస్తాయి. మొదటి రెండు మూడేళ్లు తేదీలు అటూ ఇటూ అవడం మామూలే. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, 7 రోజులు దాటినా, బడికి రాలేనంత నొప్పి ఉన్నా, 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా డాక్టరుకు చూపించాలి.

ఇంట్లో బయట కూర్చోబెట్టే ఆచారం గురించి పిల్లలు అడుగుతారు. జేజిని తప్పుపట్టకండి, ఆ పిల్ల సాయంత్రం ఆ ఇంటికే వెళ్లాలి. ఆ రక్తంలో మురికి లేదు, ఆ రోజుల్లో స్నానం చేయొచ్చు, అన్నీ తినొచ్చు, పరీక్ష రాయొచ్చు, పరుగు పందెంలో పాల్గొనొచ్చు అని చెప్పండి చాలు.

అన్నిటికన్నా ముందు వెళ్లి బాత్రూం చూసి రండి. గొళ్లెం పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, మూత ఉన్న బక్కెట్ ఉందా? గొళ్లెం లేని బాత్రూం పెట్టుకుని పరిశుభ్రత పాఠం చెబితే పిల్లలు మన మాట ఎందుకు నమ్మాలి? వంద రూపాయల గొళ్లెం, అరగంట పని. అదనపు ప్యాడ్లు బీరువాలో పెట్టి తాళం సార్ దగ్గర ఉంచితే ఏ పిల్లా అడగదు, పదో తరగతి అమ్మాయి ఒకరికి ఆ బాధ్యత ఇవ్వండి.

వద్దు అనడం, గుట్కా, ఫోను

ఇవి చెబితే రావు, నోటితో అనిపించాలి. చిన్న చిన్న సందర్భాలిచ్చి ఇద్దరిద్దరి చేత ఆడించండి: మ్యాచ్ అయ్యాక సీనియర్ ఖైనీ పొట్లం చేతిలో పెట్టాడు, ఆదోని బస్సులో వెనకాల మనిషి కావాలని తగులుతున్నాడు, అన్న వరస అయ్యేవాడు ఫోటో పంపమంటున్నాడు. గట్టిగా అనడం, అక్కడి నుంచి జరగడం, ఒక పెద్ద మనిషికి చెప్పడం. వెంటనే ఇంకోటి కూడా చెప్పాలి, ఇది చాలామంది వదిలేస్తారు: భయంతో నోరు పెగలకపోతే, కాళ్లు కదలకపోతే, అప్పుడు కూడా తప్పు నీది కాదు.

స్కూలు నుంచి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది, 18 ఏళ్ల లోపు వాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. పీఈటీ సార్ టేపుతో గేటు నుంచి 100 గజాలు, అంటే 91 మీటర్లు కొలిపించండి, లెక్కల పాఠం కూడా అవుతుంది. లోపల అంగడి ఉంటే హెచ్‌ఎం సంతకంతో పంచాయతీకి, పోలీసులకు లెటర్ పెట్టండి, అంగడి వాళ్లతో మాట్లాడటానికి మాత్రం పిల్లల్ని పంపకండి.

ఫోన్లో ఎవరైనా ఫోటో మార్చి బెదిరిస్తే డబ్బులు పంపొద్దు, మెసేజులు చెరపొద్దు, పెద్దవాళ్లకు చూపించాలి. టీచర్లకు ఒక హెచ్చరిక: పిల్లల అసభ్య ఫోటో మీ ఫోన్లోకి సాక్ష్యంగా కూడా పంపించుకోకండి, గ్రూపులో పెట్టకండి, ఆ ఫోనును అలాగే తల్లిదండ్రులతో కలిసి పోలీసుల దగ్గరికి తీసుకెళ్లండి.

పిల్ల వచ్చి చెప్పినప్పుడు

ఇది నెమ్మదిగా చదవండి.

తలుపు తెరిచి ఉన్న, కానీ మాటలు బయటికి వినపడని చోట కూర్చోండి. మీ ముఖం మీద భయం, కోపం కనపడనివ్వకండి, మీరు ఏడిస్తే ఆ పిల్ల మాట ఆపేసి మిమ్మల్ని ఓదారుస్తుంది. "చెప్పి మంచి పని చేశావు, నేను నమ్ముతున్నాను, నీ తప్పేం లేదు." ఈ మూడు మాటలు చాలు. ఎన్నిసార్లు, ఎలా, ఎందుకు అరవలేదు, ముందే ఎందుకు చెప్పలేదు, ఈ ప్రశ్నలు మీవి కావు, విచారణ చేసేవాళ్లు వేరే ఉన్నారు. ఆమె చెప్పినంతే వినండి. ఇప్పుడు ఇంటికి వెళ్లడానికి భయమా అని మాత్రం అడగండి.

ఆమె వెళ్లిన వెంటనే తేదీ, టైము వేసి, ఆమె వాడిన మాటలే రాసిపెట్టండి, మీ అభిప్రాయం కలపకండి. లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, అనుమానం ఉన్నా చాలు, రుజువులు మీరు తేనక్కర్లేదు. చెప్పకుండా దాస్తే 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు. హెచ్‌ఎంకు చెప్పండి, కానీ హెచ్‌ఎంకు చెప్పాం కదా అని ఊరుకోకండి, పోలీసులకు చేరిందో లేదో మీరే చూసుకోండి. 1098కి చేసినా దారి చూపిస్తారు. పిల్ల పేరు, ఊరు, ఫోటో ఎక్కడా బయటికి రాకూడదు, అది కూడా చట్టమే.

ఊరి పెద్దలు వస్తారు. "ఆడపిల్ల పరువు, కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. కూర్చోకండి. గొంతు పెంచకుండా "ఇది నా చేతిలో లేదు, చట్టం ప్రకారం చెప్పాల్సిందే" అనండి, ఒంటరిగా కలవకండి, ఇంకో టీచరు పక్కన ఉండాలి. చేసిన మనిషి మన స్టాఫ్‌లోనే ఉంటే కూడా దారి ఇదే.

మర్నాడు ఆ పిల్ల బడికొస్తే మామూలుగా పలకరించండి. అందరి ముందు ప్రత్యేకంగా దగ్గరికి తీసుకోవడం, జాలిగా చూడటం వద్దు. వారానికోసారి "బాగున్నావా అమ్మా" అని అడుగుతూ ఉండండి, కేసు నెలల తరబడి నడుస్తుంది, అందరూ మరిచిపోయాక ఆమెకు మీరు కావాలి.

పెళ్లి మాట వినపడితే

రక్తహీనత దగ్గర చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయిపోయిందని తేలింది. సూచనలు బడిలోనే కనపడతాయి: సంవత్సరం మధ్యలో టీసీ అడగడం, చదివే పిల్ల ఒక్కసారిగా పుస్తకం మూసేయడం, మేనమామ తరచూ రావడం, స్నేహితురాళ్ల గుసగుసలు. ముందు ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడండి. ఆ తర్వాత తల్లిదండ్రులతో, చట్టంతో మొదలుపెట్టకుండా వాళ్ల భయంతో మొదలుపెట్టండి. సుగ్గికి పోతే వయసొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదలాలి అన్నదే చాలా ఇళ్లలో అసలు కారణం. దానికి మన దగ్గర జవాబుంది, ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు, లేదా హాస్టల్. ఆ అప్లికేషన్ మీరే నింపి పట్టుకెళ్లండి.

మాట వినకపోతే సీడీపీఓకు, మహిళా పోలీసుకు, 1098కి చెప్పండి. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి, చేయించినవాళ్లకు 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది. పెళ్లి ఆగిందని సంబరపడి వదిలేయకండి, ఇంకో ఊళ్లో గుడి దగ్గర చేసేస్తారు. కనీసం మూడు నెలలు కనిపెట్టి ఉండండి.

పది పరీక్షలు, మనసు

ఫిబ్రవరి నుంచి పదో తరగతిలో మౌనంగా మారిన పిల్లల్ని చూడండి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగడానికి మనం భయపడతాం, అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా జరగదు, అడగడం వల్ల వాళ్లకు ఊపిరి అందుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఒక పెద్ద మనిషికి అప్పగించండి, పక్కనే కూర్చుని 14416కు చేయించండి, తెలుగులో మాట్లాడతారు. పొలం మందు ఇంట్లో తాళం వేసి పెట్టమని తండ్రికి చెప్పండి, మన ఊళ్లలో ఇది చాలా అవసరమైన మాట. స్లిప్ టెస్ట్ మార్కులు పెద్దగా చదవడం ఈ రెండు నెలలైనా ఆపమని మిగతా టీచర్లను అడగండి.

ఏప్రిల్ చివరి క్లాసు

ఈ సబ్జెక్టుకు మార్కులు వేయకండి. మళ్లీ చీటీలు పంచి రెండే అడగండి: ఈ సంవత్సరం విన్నవాటిలో ఏది పనికొచ్చింది, ఇంకా ఏది అడగాలని ఉంది? జూన్‌లో మీ ప్లాన్ ఆ చీటీల్లోనే ఉంటుంది.

వేసవి సెలవుల్లోనే ముహూర్తాలు ఎక్కువ. కాబట్టి చివరి రోజు ప్రతి పిల్ల చేత నంబర్లు నోటుబుక్కు వెనక పేజీలో రాయించండి, మీకు అనుమానం ఉన్న ఇళ్ల వివరాలు అంగన్‌వాడీ టీచరుకు, ఆశాకు మాత్రమే చెప్పి సెలవుల్లో ఒక కన్నేసి ఉంచమనండి. బడి తెరిచిన మొదటి వారంలో హాజరుపట్టీ తీసి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో రాని ఆడపిల్లల పేర్లు రాసుకోండి. శనివారం లోపల ఆ ఇళ్లకు వెళ్లి రండి, ఒక్కరే వెళ్లకుండా మహిళా పోలీసునో ఆశానో తోడు తీసుకుని.